మాస్టారు వెళ్ళని త్సావో

టాటానగర్ సాక్చీలో మా వీధి మలుపు దగ్గర పార్లర్‌కి నెలకోసారి జుట్టుకి రంగు వేయించుకోడానికి వెళ్తాను. మొన్న అక్కడి అమ్మాయి రంగు కలుపుతుంటే గుప్పున అమ్మోనియా వాసన కొట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "జల్ రహా హై క్యా, ఆంటీ?" అని కంగారుపడింది. మండుతోందన్నాను. ఒళ్ళంతా మండుతోందని ఆ పిల్లకేం తెలుసు? నలభై ఏళ్ళు దాటినా ఆ వాసన తగిలితే నాకు పాత ఆఫీసూ, మా నాయుడు మాస్టారూ, ఆయన్ని ఏడిపించిన ఆ మేనేజరూ గుర్తొస్తారు. ఆ మేనేజరు పేరు చెప్పను. వాడికి 'గారు' కూడా తగిలించను.

అప్పుడు ఆదిత్యపూర్‌లో ఓ చిన్న ఇంజనీరింగు కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో నేను ట్రేసర్‌ని. ఇప్పటివాళ్ళకి ఆ పని ఏమిటో తెలియదు. డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పల్చటి కాగితం పరిచి, ఇంకుతో దాన్ని మళ్ళీ తూచా తప్పకుండా గీయాలి. ఆ కాగితం నుంచి అమ్మోనియా పెట్టెలో ప్రింట్లు తీసి షాపుకి, అంటే ఇనుము కోసే వర్క్‌షాపుకి పంపేవారు. మా నాన్న మంచం పట్టి ఉన్నాడు, భాలుబాసాలో ఇంటికి నా జీతమే దిక్కు. అదీ ఆర్నెల్లకోసారి పొడిగించే టెంపరరీ ఉద్యోగం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా పిరికితనానికి నా దగ్గరున్న సాకు అదొక్కటే.

మాస్టారు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. టెక్కలి వైపు మనిషి, భార్య పోయాక ఒంటరిగా ఉండేవారు. ఆఫీసంతా 'నాయుడు బాబు' అనేవారు. నాకు పని నేర్పారు కాబట్టి నేను మాస్టారనే దాన్ని. మొదటి నెలలో ఓ పెద్ద షీటులో చిన్న గీత పక్కకి జరిగితే మొత్తం మళ్ళీ గీయించారు. ఏడుపు ఆపుకుంటూ గీశాను. "ఏటమ్మా సుశీలా, షాపులో ఆ గీతని నమ్ముకుని ఇనప రేకు కోత్తారు. నువ్వు జరిపితే రేకు జరుగుద్ది. తెలిసిందా?" అన్నారు. నాకు అరవడం చేతనైనంతగా ఆయనకి చేతకాదు. ఆ షీటు కింద నా పేరు ఉండాల్సిన గడిలో నాచేత సంతకం పెట్టించి గానీ నన్ను ఇంటికి పంపలేదు.

ఇంత నిఖార్సైన మనిషికి ఒక్కటే పిచ్చి. ఆఫ్రికా అడవి చూడాలి. ముప్పై ఏళ్ళ సర్వీసులో వరుసగా పది రోజులు సెలవు పెట్టి ఎరగరు. రిటైరయ్యే లోపు ఆ దాచుకున్న సెలవులన్నీ కలిపి ఒక్కసారి వెళ్ళాలని. చూసేవాళ్ళకి అది నవ్వులాట. మధ్యాహ్నం డబ్బా తిన్నాక ఆయన సొరుగు తెరవగానే, "నాయుడు బాబు, ఆజ్ షేర్ దిఖా క్యా?" అని, సింహం కనబడిందా అంటూ కుర్రాళ్ళు ఆటపట్టించేవారు. ఆయన పట్టించుకునేవారు కాదు. ఆ సొరుగులో చిత్తు ట్రేసింగ్ కాగితాల కత్తిరింపుల మీద మూడు అడవుల మ్యాపులు ఉండేవి. మూడూ ఒకే స్కేలులో గీసినవి, అదీ మా చుట్టుపక్కల జిల్లాల మ్యాపు స్కేలులో. కావాల్సిన వివరాలన్నీ మొంబాసా నుంచి ఉత్తరాల్లో వచ్చేవి. మా కంపెనీకి లారీ తోలే సర్దార్జీ బావగారికి అక్కడ సరుకుల కొట్టు ఉంది.

ఏ అడవికి వెళ్ళాలన్నది తేల్చడం ఆయనకి ఏడాది పని. ఓ రోజు నన్ను పిలిచి సెరెంగెటీ కాగితాన్ని ఆ జిల్లాల మ్యాపు మీద పరిచారు. "రైలు దిగే ఊరుని టాటానగర్ స్టేషను మీద పెట్టు. అడివి గేటు ఎక్కడొచ్చింది?"

చూశాను. "రాంచీ దాటి ఇంకా అంత దూరం ఉంది మాస్టారూ."

"అంత దూరం జీపు కట్టించుకోవాల. మళ్ళీ రావాల. ఆ జీపుకి డబ్బులెవుడిత్తాడు, మీ నాన్నా? అడివి గొప్పదే, కాదన్ను. మనకి కాదది." ఆ కాగితం తీసేసి నైరోబీ పెట్టారు. "ఇది ఊరికి ఆనుకునే ఉంది, టౌను బస్సులో గేటుదాకా ఎల్లిపోవచ్చు. సింహాలున్నాయి. ఏనుగుల్నేవు. దల్మా కొండ మీద ఏనుగుల్ని సూసినోణ్ణి, వాటికన్నా పెద్దయి సూడకుండా వత్తానేటి?"

ఆఖరుది త్సావో. వోయ్ అనే స్టేషన్ని టాటానగర్ మీద పెడితే గేటు మా ఊళ్ళోనే, బిష్టుపూర్ దగ్గర్లోకి వచ్చి కూర్చుంది. రైలే అడవిలోంచి పోతుంది. సర్దార్జీ బావగారి వ్యాను వారం వారం అటు వెళ్తుంది, పెట్రోలు పోయిస్తే లోపలంతా తిప్పుతానని రాశాడు. దారిలో ఓ గురుద్వారాలో బస, భోజనం దొరుకుతాయి. బొంబాయి నుంచి ఓడలో చౌక తరగతి. జనవరిలో గడ్డి ఎండి జంతువులు నీళ్ళ దగ్గరకి చేరతాయి కాబట్టి ప్రయాణం అప్పుడే. "అక్కడి మట్టి ఎరుపంటమ్మా. ఏనుగులు ఒళ్ళంతా సల్లుకుంటాయంట. ఎర్ర ఏనుగులు!" అని అరచేత్తో బల్ల మీద కొట్టారు. ఆయన బల్ల మీద కొట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే.

సెలవు మంజూరైంది. ఓడలో చోటూ దొరికింది. ఇక వెధవ పని చేసింది నేను.

ఆయన ఆ చిత్తు కత్తిరింపులు పట్టుకుని అంత దూరం వెళ్తారా అనిపించింది నాకు. చక్కగా ఇంకుతో గీసి, ప్రింటు తీసి ఇద్దామనుకున్నాను. త్సావో మొత్తం, వోయ్ స్టేషను, నది, నీటి గుంటలు, ఏ రోజు ఎక్కడన్నది, జనవరే ఎందుకన్నది మాస్టారి మాటల్లోనే, అన్నీ కలిపి వారం రోజులు భోజనాల వేళ గీశాను. ఎక్కడ గీశాను? ఆఫీసు ట్రేసింగ్ షీటు మీద! మా షీట్లన్నిటికీ కుడివైపు కింద మూల అచ్చేసిన గడులు ఉంటాయి. అందులో కంపెనీ పేరూ, 'ఈ డ్రాయింగు కంపెనీ ఆస్తి' అన్న వాక్యమూ ఉంటాయి. రోజూ చూసేవే కనక నా కంటికి అవి ఆనలేదు. పైగా నంబరు లేకుండా ప్రింటు తీయకూడదని నాకు అలవాటు చేసింది మాస్టారే. బుద్ధిగా రిజిస్టరులో నంబరు ఎక్కించాను. డ్రాఫ్ట్స్‌మన్ గడిలో ఆయన పేరు రాశాను. ట్రేసర్ గడిలో నా పేరు రాయబోయి ఆగిపోయాను. రాస్తే ఏ టైములో గీశావని అడుగుతారేమో, పొడిగింపు రాదేమోనని భయం. ఖాళీగా వదిలేశాను. ప్రయాణం నాడు ఇద్దామని షీటుని మిగతా డ్రాయింగుల్లోనే ఉంచాను.

నెలాఖరుకి రిజిస్టరు మేనేజరు బల్ల మీదకి వెళ్ళింది. బాయిలర్ ప్లేట్లకీ, గర్డర్లకీ మధ్య 'త్సావో' అని ఉంటే వాడు ఊరుకుంటాడా? హెడ్ అని మాస్టార్నీ, ట్రేసర్నని నన్నూ పిలిచాడు. షీటు విప్పి, "యే కిస్‌కా కామ్ హై?" అని ఎవరి పనో అడిగాడు.

మాస్టారు అప్పటిదాకా ఆ షీటు చూడనే లేదు. ఒంగి ఓ క్షణం చూశారు. గీత చూస్తే చాలు, ఎవరి చెయ్యో ఆయనకి తెలిసిపోతుంది. ఖాళీగా ఉన్న గడీ చూశారు. నా వైపు మాత్రం చూడలేదు. "మేరా హై, సాబ్" అని తన మీద వేసుకున్నారు.

నేను పక్కనే దిష్టిబొమ్మలా నిలబడ్డాను. ఆఫీసు కాగితం, ఆఫీసు టైము, సొంత పని అని మేనేజరు అరగంట దులిపాడు. నా వయసంత సర్వీసున్న మనిషి చేత క్షమాపణ కాగితం రాయించుకున్నాడు. సెలవు రద్దు చేశాడు. "కంపెనీ ఆస్తి" అంటూ షీటు చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు.

బయటికొచ్చాక వరండాలోనే ఏడ్చేశాను. "నేనే అని చెప్పేస్తాను మాస్టారూ, ఇప్పుడే వెళ్తాను" అన్నాను.

"సెప్పి ఏటి సేత్తావు? నా సెలవు తిరిగొత్తాదా, నీ ఉజ్జోగం మిగులుద్దా? ఒగ్గీ." రెండడుగులు వేసి ఆగారు. "గీత బాగేసావు గానీ, నది వంపు ఒక సోట తప్పు తిప్పేసినావు." అంతే. ఓడ వెళ్ళిపోయిన రోజున ఆయన యథాప్రకారం ఎనిమిదింటికి వచ్చి పెన్సిలు చెక్కుకున్నారు. ఒక్క మాట తిట్టి ఉంటే నాకు అన్నం సయించేది.

మరుసటి చలికాలం మేనేజరు పెళ్ళాం బిడ్డలతో విమానంలో ఆఫ్రికా వెళ్ళాడు. వెళ్ళిందెక్కడికి? త్సావో! వచ్చాక ఓ ఆదివారం సాయంత్రం క్లబ్బులో కిటికీలకి పరదాలు దించి స్లైడ్లు చూపిస్తానని ఆఫీసందరికీ కబురు పెట్టాడు. నేను మాస్టారి పక్కన కూర్చున్నాను. తెర పక్కన మేనేజరు నిలబడి, అన్ని అడవులూ నెలల తరబడి పోల్చి చూసి దీన్ని ఎంచుకున్నానని చెబుతున్నాడు. జనవరిలో గడ్డి ఎండుతుందట. జంతువులు నీళ్ళ దగ్గరకి చేరతాయట. మాస్టారి మాటలు వరస కూడా మారకుండా వాడి నోట్లోంచి వస్తున్నాయి. ఇంతలో తెర నిండా ఏనుగుల మంద. ఇటుకల్లా ఎర్రగా ఉన్నాయి.

ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడి హిందీలో అరిచాను: "ఆ దారి మీరు ఎంచలేదు, మా నాయుడు బాబు ఎంచారు! ఆ షీటు గీసింది నేను!"

మేనేజరు నవ్వి, "హా హా, హమారే ఆఫీస్ కా హీ తో హై" అని, అదీ మన ఆఫీసు సొత్తేగా అన్నట్టు కొట్టిపారేశాడు. కొందరు నవ్వారు. ఇంకా ఏదో అనబోతుంటే కిందనుంచి ఎవరో నా చీర కొంగు పట్టి లాగారు. మాస్టారు! ప్రొజెక్టరు వెలుగుకి నేను అడ్డం నిలబడ్డాను, నా నీడ తెర మీద ఏనుగుల మీద పడింది. ఆయన పక్కకి ఒరిగి, మెడ సాచి తెర వైపే చూస్తూ, "కూకోమ్మా, ఏనుగులు అవుపడ్డం నేదు" అన్నారు.

కూర్చున్నాను. ఇంకేం చేస్తాను? ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "ఎర్ర మట్టే! నే సెప్పలేదేటి? అదిగో, రైలు కట్ట కూడా!" అని నా చెయ్యి తడుతున్నారు. నాకు ఆ మేనేజరు మీద వచ్చిన కోపమంతా ఒక్కసారి ఈయన మీదకి తిరిగింది.

ఆ ఆర్నెల్ల తర్వాత నాకు పొడిగింపు రాలేదు. మంచిదే అయింది, సోనారిలో ఇంకో ఆఫీసు దొరికింది. ఈలోగా మాస్టారు రిటైరయ్యారు. డబ్బు చేతికొచ్చింది, అడ్డుపెట్టేవాడు లేడు. సర్దార్జీ దగ్గర ఓడ వివరాలు కనుక్కుని ఆయన గదికి వెళ్ళాను. "ఇప్పుడు మిమ్మల్ని ఎవడు ఆపుతాడు? జనవరికి బయల్దేరండి, అన్నీ నేను చూస్తాను" అన్నాను.

ఆయన చిన్నగా నవ్వారు. "సూసేసాను కదమ్మా."

"ఏం చూశారు మాస్టారూ? వాడు గుడ్డ మీద చూపించింది చూశారు. మీరు చూడలేదు!" అని గట్టిగా అరిచేశాను. పక్క గదిలోవాళ్ళు తొంగి చూశారు. ఆయన తల దించుకుని లుంగీ అంచు సవరించుకున్నారు. టీ తాగి వెళ్ళమన్నారు. తాగకుండా వచ్చేశాను. తర్వాత రెండేళ్ళకి ఆయన పోయారని తెలిసింది.

పని ఆయన నేర్పిందే. తర్వాతి ఆఫీసుల్లో నా దగ్గర నేర్చుకున్న పిల్లలందరూ గీత జరగకుండా గీస్తారు, గీసిన ప్రతిదాని కింద పేరు రాస్తారు. కానీ ఆయన ఓర్పు నాకు అబ్బలేదు, నేను కావాలనుకోనూ లేదు. అక్కడా ఇక్కడా చాలామంది మేనేజర్లతో గొడవపడ్డాను, గయ్యాళిదని పేరు తెచ్చుకున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా ఒక కోరిక చెప్పి, "పోనీలే, టీవీలో చూసేశాం కదా" అంటే నేను ఊరుకోను, లేచి పోట్లాటకి దిగుతాను. ఆ ఏనుగులు మాస్టారివి. ఆయన వాటిని చూడలేదు.