పక్కపిల్లకు చెయ్యి ఇస్తావా

ఆ నర్సింగ్ కాలేజీలో ఆమెను పిల్లలంతా అలారం మేడం అనేవారు. సగం జీవితం వార్డుల్లో గడిపి, మోకాళ్లు మొరాయించాక, యంత్రాలు వాడటం నేర్పే పనిలో కుదురుకుంది. నేర్పే పద్ధతి మాత్రం కాస్త కొంటెది. పిల్లలు టీకి వెళ్లగానే సెలైన్ పంపు గొట్టం మడత పెట్టేది, మానిటరు తీగ ఊడదీసేది, ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గర నిలబడేది. పంపు గుయ్యిమనగానే ఎవరి చెయ్యి మోత ఆపే మీట మీదికి పోతుందో, ఎవరి చూపు మంచం మీద రోగిగా పడుకోబెట్టిన బొమ్మ మీదికి పోతుందో ఓరకంట కనిపెట్టేది.

"మోత ఆపావు, బాగుంది. రోగి సంగతో?" అని అడిగితే, మంచం మీద ఒకరున్నారని పిల్లలకు అప్పుడు గుర్తొచ్చేది.

ఈ వైభోగానికి ప్రిన్సిపాల్ రూపంలో గండం వచ్చింది. ప్రిన్సిపాల్‌కు ఆత్మవిశ్వాసం అంటే మహా మోజు. మెట్ల పొడుగునా దాని మీద సూక్తులు రాయించింది. అవి చదివి ఎవరికీ పంపు నడపడం రాలేదు గాని, గోడలు మాత్రం నిండాయి.

"ప్రతి మిషనుకూ, దీన్ని వాడగలనన్న నమ్మకం ఎంతుందో ఐదింటికి మార్కు వేసుకోమనండి. శిక్షణకు ముందోసారి, తర్వాతోసారి. మార్కులు పెరగకపోతే మీ ల్యాబు గంట కంప్యూటర్ క్లాసుకు ఇచ్చేస్తాను" అంది ప్రిన్సిపాల్.

శిక్షణకు ముందు పిల్లలంతా ఐదుకు ఐదు వేసుకున్నారు. ఏ మిషన్నూ ముట్టుకోలేదు కాబట్టి భయపడటానికి కారణమే లేదు. అలారం మేడం చేతిలో నలిగాక రెండూ మూడూ వేసుకున్నారు.

ప్రిన్సిపాల్ కాగితాలు తిరగేసి, "నేర్పారా, మరిపించారా? సోమవారం జవాబు చెప్పండి" అంది.

ఇంట్లో ఈ మాట చెబితే, డ్రైవింగ్ స్కూలు నడిపే ఆమె భర్త పకపకా నవ్వాడు.

"నవ్వకండి. నా గంట పోయేట్టుంది."

"నీ గురించి కాదులే. నా దగ్గరికి మొదటి రోజు వచ్చేవాళ్లలో డ్రైవింగ్ రానివాడు ఒక్కడూ ఉండడు. స్టీరింగు పట్టుకున్నాకే రాదని తెలుస్తుంది."

"మరి వచ్చిందని ఎలా తేలుస్తారు?"

"వాణ్ని అడగను. పక్కవాణ్ని అడుగుతాను, వీడు నడిపితే నీ పిల్లల్ని ఎక్కిస్తావా అని. అక్కడ మొహమాటాలుండవు."

"నేను ఎక్కాను కదా మీ బండి."

"పెళ్లయిన కొత్తలో నీకు మొహమాటం ఎక్కువే."

సోమవారం పొద్దున్నే ఆమె ల్యాబు గడప తొక్కని కొత్త పిల్లల్నీ, తన దగ్గర నలిగిన పాతవాళ్లనీ కూర్చోబెట్టి, పాత ప్రశ్నలకు ఒకటి తగిలించింది: నీ పక్కపిల్ల ఈ మిషను వాడతానంటే నీ చెయ్యి ఇస్తావా? ఐదింటికి ఎంత?

కొత్తవాళ్లు తమకు ఐదు, పక్కవాళ్లకు సున్నా. ఒకతె కారణం కూడా రాసింది: 'అది నా ఫోను చార్జరే విరిచింది.' పాతవాళ్లు తమకు రెండు వేసుకుని, పక్కవాళ్లకు నాలుగేసి వేశారు.

"తమ మీద లేని నమ్మకం పక్కవాళ్ల మీద ఎలా వచ్చింది?" అని ఆ కాగితాలు చూసి అడిగింది ప్రిన్సిపాల్.

"ఎవరి భయం వాళ్లకే తెలుసు మేడం. పక్కపిల్ల జాగ్రత్త కంటికి కనిపిస్తుంది."

"సరే, నా చెయ్యే ఇస్తాను. రెండు వేసుకున్న పిల్లనొకదాన్ని పిలవండి."

ఓ బక్కపల్చని పిల్ల బీపీ మిషను పట్టుకుని వచ్చింది. ప్రిన్సిపాల్ చేతికి పట్టీ చుట్టింది, తేరిపార చూసింది, విప్పేసింది.

"ఏమ్మా, రాదా?" అంది ప్రిన్సిపాల్.

"వచ్చు మేడం. ఈ పట్టీ మీకు చాలదు. దీంతో చూస్తే ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది."

"నా చెయ్యి లావంటావు."

"పట్టీ చిన్నదంటున్నాను మేడం."

అలారం మేడం నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"పెద్దది తీసుకురా" అంది ప్రిన్సిపాల్ చివరికి.

పిల్ల తెచ్చింది, చుట్టింది, మీట నొక్కింది.

"ఎంతుంది?"

"మీరు మాట్లాడారు మేడం. మళ్లీ చూడాలి."

ప్రిన్సిపాల్ నోరు మూసుకుంది. ఆ కాలేజీలో అది చూడనివాళ్లకు చెప్పినా నమ్మరు. బీపీ మామూలుగానే ఉందని తేలాక పైకి మడిచిన జాకెట్టు చెయ్యి దించుకుంటూ, "గంట మీకే ఉంచుతున్నాను. లావు చెయ్యి సంగతి మాత్రం రిపోర్టులో రాయకండి" అంది.

"పట్టీ చిన్నదనే రాస్తాను మేడం. పెద్దవి ఇంకో రెండు కొనాలని కూడా."