అక్టోబర్ ఒక్కటే మిగిలింది

నా చిన్నప్పుడు, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మేముండే ఇంట్లో, ఫ్రిజ్ తలుపు మీద పన్నెండు నెలల పట్టిక ఒకటి అతికించి ఉండేది. పారిస్‌కు ఏ నెలలో వెళ్తే బాగుంటుందో తేల్చడానికి మా నాన్న గీసిన పట్టిక అది. నాన్న డాక్టరు. ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషని అందరూ మెచ్చుకునేవారు. నేనూ మెచ్చుకునేదాన్ని. అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకింత ఆలస్యమైంది.

పారిస్ చూడాలన్నది మా అమ్మ కోరిక. కాకినాడలో డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకుంది. కూరలు తరుగుతూ ఫ్రెంచిలో వాటి ధరలు అడిగేది. ఎవరిని అడుగుతున్నావమ్మా అంటే నవ్వి ఊరుకునేది. తనకోసం ఆవిడ నోరు తెరిచి అడిగింది, నాకు తెలిసి, ఆ ప్రయాణం ఒక్కటే. రెండేళ్ళకోసారి ఇండియా వెళ్ళేటప్పుడు ఆ ఊళ్ళోనే విమానం మారేవాళ్ళం. ఎయిర్‌పోర్టు అద్దంలోంచి అమ్మకు బయటి రోడ్డు చూపించి, చూశావుగా పారిస్ అనేవారు నాన్న. అది హాస్యమనుకుని నేను పగలబడి నవ్వేదాన్ని.

పట్టికకు వివరాలు వెతికే పని నాది. అప్పుడు నాకు పదేళ్ళు. లైబ్రరీ నుంచి గైడ్ పుస్తకాలు తెచ్చి, ఏ నెలలో ఎంత వాన, ఎంత ఎండ, ఎంత జనం అని చదివి చెప్పేదాన్ని. పనికిరాదనుకున్న నెలను నాన్న ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. ఏప్రిల్‌లో వాన. మేలో నా పరీక్షలు. జూన్, జూలై అయితే ఇండియా, లేకపోతే జనం. ఆగస్టులో అక్కడి కొట్లవాళ్ళే ఊరొదిలి పోతారట. సెప్టెంబర్‌లో బడి అప్పుడే తెరిచి ఉంటారు. డిసెంబర్ మాట ఎత్తడానికే లేదు. క్రిస్మస్‌కు మిగతా డాక్టర్లు ఇళ్ళకు పోతే ఆసుపత్రి డ్యూటీలు మనవాళ్ళే చేసేవారు, అందులో నాన్న అందరికంటే ముందుండేవారు. అలా ఏడాదిన్నరలో పదకొండు నెలలు పోయి అక్టోబర్ ఒక్కటే మిగిలింది. అమ్మ చలికోటు కూడా కొని పెట్టుకుంది.

ఒక ఆదివారం నాన్న స్నేహితుడి భార్య, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ, మా ఇంటికి భోజనానికి వచ్చింది. వాళ్ళు మార్చిలో పారిస్ వెళ్ళొచ్చారు. ఉన్న నాలుగు రోజులూ వానేనట, గొడుగులు కొనుక్కుని తిరిగారట. ఫ్రిజ్ మీది పట్టిక దేనికో తెలిసి ఆంటీ పడీపడీ నవ్వింది. నాన్న నవ్వలేదు. ఆంటీ నవ్వు చూసి అమ్మకు ధైర్యం వచ్చినట్టుంది.

"అక్టోబర్ మిగిలింది కదండీ, టికెట్లు బుక్ చేసేయండి" అంది.

నాన్న లేచి పట్టిక దగ్గరికి వెళ్ళారు. తర్వాత నన్ను స్కేలు తెమ్మని, పట్టికకు కొత్తగా ఇంకో వరస గీశారు. పొద్దు ఎంతసేపు ఉంటుంది అని పైన రాశారు. అక్టోబర్‌లో త్వరగా చీకటి పడుతుందేమో పుస్తకంలో చూడమన్నారు. నేను చూశాను. పడుతుందని హుషారుగా చదివి వినిపించాను.

అమ్మ వచ్చి నాన్న చేతిలోంచి ఎర్ర పెన్ను తీసుకుని అక్టోబర్‌ను తనే కొట్టేసింది. మీకు ఆ శ్రమ కూడా ఎందుకండీ అని, ఆంటీకి పెరుగు వడ్డించడానికి వెళ్ళింది.

సాయంత్రం ఆవిడ గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి, వచ్చే ఏడాదికి కొత్త పట్టిక గీద్దామన్నాను. అమ్మ కోప్పడలేదు. "తీసుకెళ్ళననే మాట మీ నాన్న నోటికి రాదు తల్లీ. అందుకని నెలలచేత చెప్పిస్తున్నారు" అంది. నాచేత కూడా చెప్పించారని ఆవిడ అనలేదు. అనకపోయినా నాకు అర్థమైంది.

నాన్నకు ఎందుకు ఇష్టం లేదో ఎవరూ చెప్పలేదు. అమ్మ ఫ్రెంచిలో గలగలా మాట్లాడే చోట తను నోరు మెదపలేక ఆవిడ వెనకాల నడవాల్సి వస్తుందనేమో. అందుకు ఆయన్ని చాలా ఏళ్ళు మనసులో తిట్టుకున్నాను.

నాన్న పోయాక అమ్మ, నేను ఉద్యోగం చేసే బాతెల్ ఊళ్ళో నా దగ్గరే ఉంది. పారిస్ నేను తీసుకెళ్తానన్నాను, మనసారానే అన్నాను. ఎప్పుడైనా సరేనంది. నేను ఫోన్ తీసి ఏ సీజన్ మంచిదో వెతకడం మొదలుపెట్టాను. ఎండాకాలం వడగాలులు, వసంతంలో జనం, చలికాలం ఆవిడ మోకాళ్ళు. మధ్యలో నా ప్రాజెక్టులు. చూద్దాంలే అమ్మా అన్న ప్రతిసారీ అలాగేనమ్మా అనేది. నన్ను ఒక్కసారి కూడా నాన్నతో పోల్చలేదు. పోల్చి నాలుగు దులిపినా బాగుండేది. మూడేళ్ళు అలా గడిచాక అమ్మ పోయింది.

మొన్న మా అమ్మాయి సన్నీవేల్ నుంచి ఫోన్ చేసి పారిస్‌కు బెస్ట్ సీజన్ ఏదని అడిగింది. నాకు తెలియదన్నాను. ఎవరైనా మంచి సమయం కోసం వెతుకుతున్నారంటే, అసలు ఆ మనిషికి వెళ్ళాలని ఉందో లేదో నేను ఇట్టే పసిగట్టగలను. ఆ విద్య ఆ ఆదివారమే వచ్చింది, నా మీద తప్ప అందరి మీదా పనిచేసింది. ఇప్పుడు రిటైరయ్యాను. పన్నెండు నెలలూ ఖాళీయే. ఆ ఊరికి వెళ్ళడానికే నాకు మొహం చెల్లడం లేదు.