చక్రాలకంటిన ఎర్రదుమ్ము

ఇనుపరాయి లారీలు బళ్ళారిలో మా ఇంటి ముందు నుంచి ఎర్రదుమ్ము రేపుకుంటూ ఎడతెరిపి లేకుండా పోతున్న రోజులవి. ఆ ఏడు పాపతో సింగపూర్ వెళ్లాం. అక్కడ నాకు బాగా గుర్తున్నవి రోడ్డు దాటే వంతెన మెట్లే. పాప ఏడ్చి ఏడ్చి నా భుజం మీద నిద్రపోయింది. ఖాళీ స్ట్రోలర్‌ను పైకి మోసే ఓపిక లేక కింది మెట్టు మీద కూలబడ్డాను.

పనిబట్టల్లో ఉన్న ఒకతను అడక్కుండానే దాన్ని ఎత్తి పైకి చేర్చాడు. నేను ఎక్కేసరికి తన అరచేతిని చూసుకుంటున్నాడు. చక్రాల సందుల్లోని ఎర్రదుమ్ము అంటుకుంది. ఎన్నిసార్లు కడిగినా పోదది. నాకు సిగ్గేసింది.

"బళ్ళారి నుంచి వస్తాండారామ్మా?" అన్నాడు తెలుగులో.

తలూపాను.

"మాది ఆ పక్కనే, కుడతిని ఊరు. పాప ఉయ్యాల మీద తడిగుడ్డ కప్పుతారా?"

"కప్పకుంటే ఎట్లప్పా? తెల్లారేసరికి గుడ్డంతా ఎర్రగైతాది."

"మా ఆమె కూడా అట్లే కప్పుతాందంట. నేనింగా బిడ్డని చూడలేదమ్మా."

చెయ్యి తుడుచుకోమని తడి టిష్యూ ఇచ్చాను. దాంతో శుభ్రంగా ఉన్న రెండో చేతిని తుడుచుకుని, ఆ చేత్తో పాప పాదాన్ని మెల్లగా తాకాడు. ఎర్రదుమ్ము అంటిన చేతిని మాత్రం తుడుచుకోలేదు. పిడికిలి మూసుకుని మెట్లు దిగిపోయాడు.