నెల రోజులు ఆగమన్నాను

అరబ్బుల దేశంలో, అల్ రాయ్ అనే చోట మా కంపెనీ ఆఫీసు ఒక గోడౌన్ పైన ఉండేది. నేను డ్రాయింగులు చూసేదాన్ని. పక్క టేబుల్ ఒక చైనా అమ్మాయిది. వాళ్ల ఇంజినీర్ల మాటలు అరబ్బులకీ, అరబ్బుల మాటలు వాళ్లకీ చెప్పడం ఆమె పని. నాతో ఇంగ్లిష్‌లో మాట్లాడేది. అక్కా అనడం మాత్రం నేనే నేర్పాను.

వాళ్ల నాన్న చైనాలో ఒక రాష్ట్రానికి ఉప గవర్నరు. పల్లెటూరి బడిపంతులుగా మొదలై, మన లెక్కలో చెప్పాలంటే మండలం, జిల్లా దాటుకుంటూ అంత దూరం వచ్చాడు. కలెక్టరుకన్నా పెద్దాయన కూతురు నా పక్కన కూర్చుంటుందని మేం కాపురముండే అబ్బాసియాలో మా బిల్డింగ్ ఆడవాళ్లందరి దగ్గరా డప్పు కొట్టాను. ఆమెకి డబ్బాలో పులిహోర పట్టుకెళ్లడంలో కొంత ప్రేమ, కొంత ఆ గొప్పా ఉన్నాయి. దాచుకోవడమెందుకు.

ఒక ఉదయం ఆమె ఫోను పట్టుకుని కదలకుండా కూర్చుంది. వాళ్ల నాన్నని మీటింగు మధ్యలోంచి తీసుకెళ్లారట. వంతెనల కాంట్రాక్టుల్లో లంచాలు తిన్నాడని వార్త. ఎక్కడ ఉంచారో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు.

"అబద్ధమే అయ్యుంటుందిలే" అన్నాను.

"తీసుకునే ఉంటాడు అక్కా. విదేశంలో నా చదువు ఆయన జీతంతో అవుతుందా? నేనెప్పుడూ అడగలేదు."

ఆ వారమే ఆమె ఊరికి వెళ్లాలి, టికెట్టు కూడా తీసుకుంది. మంచాన పడ్డ నాయనమ్మ కొడుకు కోసం కలవరిస్తోంది, నువ్వైనా రమ్మని తల్లి ఫోన్ చేసింది. వెళ్తే మళ్లీ దేశం దాటనివ్వరేమోనని ఈమె భయం. వెళ్లనా, ఆగనా అని నన్నడిగింది.

నా నోరు ఊరుకుంటుందా. "మా వైపు ఎంతమంది నాయకుల్ని చూడలేదూ? లోపలేస్తారు, నెలకల్లా బెయిలొచ్చుద్ది, జైలు గేటు దగ్గరే గజమాల వేసి ఊరేగిస్తారు. నెల రోజులు ఆగమ్మా, మీ నాన్న వచ్చాకే వెళ్దువుగాని" అన్నాను. ఆమె ముఖం తేటపడింది. ఆ మధ్యాహ్నమే టికెట్టు రద్దు చేసుకుంది.

ఇంట్లో చెబితే మా ఆయన అన్నం కలుపుతున్నవాడల్లా ఆగాడు. "వాళ్ల దేశంలో బెయిలుందో లేదో నీకేం తెలుసే? నీకెందుకొచ్చిన పెద్దరికం?"

పెరుగు గిన్నె అతని ముందు ఠక్కున పెట్టాను. అతనన్నది నిజమని లోపల తెలుస్తూనే ఉంది.

ఇరవయ్యో రోజున నాయనమ్మ పోయింది. దగ్గర కొడుకూ లేడు, మనవరాలూ లేదు. ఈమె పరుగున వెళ్లేసరికి దహనం అయిపోయింది. అంత భయపడిందా, ఆమెని ఎవరూ ఆపలేదు. పది రోజుల్లో తిరిగొచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. ఆగలేక నా వల్లే ఇదంతా అన్నాను.

"రద్దు చేసుకున్నది నేను కదా అక్కా" అని పని చూసుకుంది.

ఏడాది దాటాక వాళ్ల నాన్న కోర్టు విచారణ వీడియో వచ్చింది. భోజనాల వేళ నాకూ చూపించింది. తల పూర్తిగా నెరిసిన మనిషి కాగితం చూసి చదువుతూ తప్పులు ఒప్పుకున్నాడు. చివర అందరికీ వంగి నమస్కరించాడు. ఆమె మళ్లీ మొదటినుంచి పెట్టింది. మళ్లీ పెట్టింది. ఇంక చూడకమ్మా అన్నాను.

"నాయనమ్మ పోయిందని ఆయనకి ఎవరైనా చెప్పారో లేదో, ముఖంలో తెలుస్తుందేమోనని అక్కా" అంది.