సరోజన సరేనన్న తేదీలు

కొత్తగూడ అడవి పక్క ఆ తండాలో ఇరవై రెండేళ్లుగా సరోజన పిల్లలకు పాటలు నేర్పుతోంది. ఆమెది పెద్దవంగర. పెళ్లయిన నాలుగో ఏట మొగుడు పోతే, జనగామ చర్చివాళ్లు ఊళ్లలో దేవుని మాట చెప్పే బైబిల్ ఉమన్‌గా పంపారు. ఒక ట్రంకుపెట్టెతో వచ్చి దిగింది. తండావాళ్లు చర్చికి పోయే రకం కాదు. "నీ దేవుడు నీకు, మా దేవుళ్లు మాకు" అని మొదటిరోజే తేల్చేశారు. అయినా ఆదివారం పొద్దున పిల్లలకు తలలు దువ్వి ఆమె దగ్గరికి పంపుతారు. ఆమె వాళ్ల లంబాడీ మాట నేర్చుకుంది, జ్వరమొచ్చిన పిల్లల్ని భుజాన వేసుకుని దవాఖానకు నడిచింది. నమ్మకం కుదరడానికి ఇంకేం కావాలి చెప్పండి?

ఆమెకు చేతకానిది ఒక్కటే. జనవరి వచ్చిందంటే ముఠా మేస్త్రీ డీసీఎం వ్యాను పట్టుకొస్తాడు. మిరపకాయలు ఏరడానికి తండా మొత్తం భూపాలపల్లి అవతల గోదావరి ఒడ్డుకు కదులుతుంది. ఇంట్లో చూసే దిక్కులేక పిల్లలూ ఎక్కుతారు. మళ్లీ రావడం ఎండలు ముదిరాకే. జమ్లీ కూతురు ప్రియ ఐదో తరగతికి వచ్చింది కానీ ఇంతవరకు ఒక్క ఏడూ ఆఖరి పరీక్ష రాసిన పాపాన పోలేదు. మొద్దు పిల్లా అంటే కాదు, చెప్పకముందే అందుకుంటుంది. నాలుగు నెలలు చేన్లో ఉండి వచ్చేసరికి అంతా మరిచిపోతుంది. ఆ నాలుగు నెలలూ పిల్లలు తండాలోనే ఉండి తిని చదువుకోవడానికి ఒక పెద్ద రూము, వండిపెట్టే మనిషి కావాలి. సరోజన బతుక్కి అదొక్కటే కోరిక.

కిందటేడు జనగామ చర్చి పాస్టరు అయ్యగారు ఆ మాట ఒక విదేశీ సంఘం చెవిన వేశారు. వాళ్ల బృందం వస్తుందట, తండాలో మూడు రోజులు పిల్లల ప్రోగ్రాం పెడుతుందట, ఆ పిల్లల్ని కళ్లారా చూసి రూము సంగతి తేలుస్తుందట. దసరా సెలవుల్లో అనుకున్నారు. సరోజనకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు.

వాళ్లు పంపిన కాగితాలు చూడాలి, ఒక పెళ్లికి కూడా అంత రాసుకోరు. ఏ నిమిషానికి పాట, ఏ నిమిషానికి బొమ్మలాట, అన్నిటికీ గడులే. ఏ పిల్లకు ఏ తిండి పడదో రాయమని ఒక గడి. సరోజన దాని ముందు కాసేపు కూర్చుని, "అన్నీ పడతయి" అని రాసింది. అందరికీ టీషర్టులు కుట్టిస్తారట, సైజు చెప్పమన్నారు. సైజులు ఆమెకేం తెలుసు? పురికొసతో ఒక్కొక్కరి వీపు కొలిచి, తెంపి, పేరు చీటీ కట్టి యాభై ముక్కలు జనగామ పంపింది.

ఆగస్టులో అయ్యగారు ఫోను చేశారు.

"సరోజనమ్మా, దసరాకు ఆళ్లకు సెలవులు దొర్కుతలేవట. ఫిబ్రవరి రెండో వారం వస్తమంటున్నరు. నీకేమన్న ఇబ్బందా?"

ఫిబ్రవరిలో ఆ తండాలో ముసలివాళ్లూ కుక్కలూ తప్ప ఎవరూ ఉండరని ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అయ్యగారు అడిగినా, పటేలు అడిగినా, ఆఫీసరు అడిగినా మనవైపు ఆడమనిషికి నేర్పిన జవాబు ఒకటే.

"మీ ఇష్టం అయ్యగారూ. నాకేం ఇబ్బంది."

ఫోను పెట్టేసింది. మళ్లీ చేసి చెప్పొచ్చు. రేపు చెబుదామనుకుంది. అట్లా రేపు రేపు అనుకుంటూ క్రిస్మస్ దాటిపోయింది. ఆమెను తిట్టాలనిపిస్తోందా? తిట్టండి. తనను తాను తిట్టుకున్నన్ని తిట్లు మాత్రం మీవల్ల కాదు.

వ్యాను వచ్చే ముందు వారం ఇల్లిల్లూ తిరిగి కాళ్లావేళ్లా పడింది. పిల్లల్ని తన దగ్గర వదిలి వెళ్లమంది. యాభై మందిలో పది మందిని వదిలారు. జమ్లీ ఎటూ తేల్చలేదు. పదకొండేళ్ల పిల్లంటే చేన్లో ఒక మనిషి కిందే లెక్క. వ్యాను ఇంజను మోగుతుండగా ప్రియను దింపింది.

"రూము నిజంగ కడ్తరా అక్కా?"

"కడ్తరు."

"నువ్వు అంటున్నవు గావట్టి ఇడుస్తున్న. ఆళ్ల మొకం జూసి గాదు."

నెల రోజులు పదకొండు మందినీ తన రెండు గదుల్లో పెట్టుకుని సాకింది. పొద్దున బడికి తోలడం, సాయంత్రం జలప్రళయంలో జంతువులన్నీ జతలు జతలుగా ఎక్కే నోవహు ఓడ నాటకం. పిల్లలు తక్కువై జతలు కుదరక ఏనుగు ఒంటరిగానే ఓడ ఎక్కింది. ప్రియ తండా బడిలో మొదటిసారి ఫిబ్రవరి చూసింది, భిన్నాలు నేర్చుకుంది. దొరికిన రొట్టెనల్లా నాలుగో వంతు, మూడో వంతు అంటూ తుంచి పంచేది. అది చూసినప్పుడల్లా సరోజనకు, దేవుడు ఎట్లాగో గట్టెక్కిస్తాడులే అనిపించేది.

రెండు రోజులుందనగా మళ్లీ ఫోను.

"పదకొండు మందేనా? ఆళ్లు సముద్రాలు దాటి వస్తున్నరమ్మా. పదకొండు మందిని ఎట్ల జూపియ్యాలె? భూపాలపల్లి చర్చిల రెండొందల మంది పిల్లలున్నరు. ప్రోగ్రాం ఆడ పెట్టినం. నీ పిల్లలను గూడ తీస్కరా."

నర్సంపేటలో ఒకసారి, ములుగులో ఒకసారి బస్సు మారి, వాంతులు కడిగి, పిల్లల్ని వెంటేసుకుని ప్రోగ్రాం మొదలైన రోజు మధ్యాహ్నానికి చేరింది. షామియానా నిండా పిల్లలే. పురికొసలతో కొలిచి కుట్టించిన టీషర్టులు అక్కడి పిల్లల ఒంటిమీద ఉన్నాయి, కొందరికి వదులు, కొందరికి బిగువు. తండా పిల్లలకు వెనక చోటిచ్చారు. ఓడ నాటకానికి టైం లేదన్నారు. అప్పుడే మైకులో చెప్పారు: పిల్లల కోసం రూము ఇక్కడే, ఈ చర్చి ఆవరణలోనే కడతారట. అందరూ చప్పట్లు కొట్టారు. తెలియక ఆమె పిల్లలూ కొట్టారు.

సరోజన బృందం పెద్దావిడ దగ్గరికి పోయింది. తర్జుమా చేసే గౌతమ్ పక్కనే ఉన్నాడు.

"నాయినా, జర ఆమెకు చెప్పు. మా పిల్లలు మిరప చేన్లల్ల ఉన్నరు. ఉంటలేరు గావట్టే ఆ రూము అడిగినం."

గౌతమ్ ఏదో చెప్పాడు. ఆవిడ సరోజన చేతులు రెండూ పట్టుకుంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"ప్రార్థన చేస్తదట అక్కా. కట్టేది మాత్రం పిల్లలున్న కాడనే అని ఆళ్ల కమిటీ రాసుకున్నదట."

అయ్యగారి వైపు తిరిగింది. "మరి మా తండా అయ్యగారూ?"

ఆయన కోప్పడలేదు. నిజంగానే బాధపడ్డాడు. "ఫిబ్రవరి అని నిన్ను అడిగిన గదమ్మా. ఆ నెలల పిల్లలుండరని ఒక్కమాట అంటే, నేను ఆళ్లతోటి మాట్లాడకపోదునా?"

తప్పు ఆయన మీదికి నెట్టే వీలు కూడా లేకపోయింది.

తండాకు తీసుకుపోయి ఏం చేయాలి? కన్నవాళ్లు ఇక్కడికి గంట ప్రయాణం దూరంలోనే మిరప చేన్లో ఉన్నారు. పిల్లలే అమ్మ దగ్గరికి అన్నారు. పొద్దు వాలకముందే చేన్లోకి చేరారు. దూరం నుంచే ఘాటుకు అందరికీ దగ్గు మొదలైంది. పది మంది పరుగెత్తి ఎవరి తల్లి దగ్గరికి వాళ్లు పోయారు. ప్రియ సరోజన పక్కనే నిలబడింది.

జమ్లీ నడుం లేపి చూసింది. మంట పుడుతున్న చేతులు చీరకు తుడుచుకుంది.

"వచ్చిండ్రా అక్కా? నా బిడ్డను జూసిండ్రా?"

"వచ్చిండ్రు. జూడలే. రూము మనకు రాదు జమ్లీ. వచ్చే ఏడు గూడ రాదు. ఫిబ్రవరిల రమ్మని నేనే ఒప్పుకున్న. తప్పు నాదే."

జమ్లీ తిడుతుందనుకుంది. తిడితే బాగుండు అనుకుంది. జమ్లీ కూతుర్ని దగ్గరికి పిలిచి, తన తల గుడ్డ విప్పి ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టింది.

"అట్లయితే దీని పేరు బడిల తీసెయ్యమని సారుకు చెప్పు అక్కా. రోజూ పిలుసుడు, లేదనుడు ఎందుకు?"

ప్రియ ఆ మాట విన్నది. సరోజన వైపు ఒకసారి చూసి, తల్లి పక్క సాలులోకి దిగి వంగింది.