రాక్షసుణ్ణి గేట్ పాస్ అడిగిన బావ

మా బావ పోయాడన్న సంగతి నాకు కబురుగా రాలేదు, బుకింగ్‌గా వచ్చింది. సుపేలా బజార్లో నా టెంట్‌హౌస్ తెరిచి ఊడుస్తుంటే ఫోను మోగింది. మా చర్చి సంఘపెద్ద. రుఆబాంధా క్వార్టర్లలో షామియానా వేయాలి, కుర్చీలు కావాలి, ఒక పొడుగు బల్ల కూడా కావాలి అన్నారు. ఏం ఫంక్షనండీ అని అడిగాను. "మీ అక్క ఇంటికేరా" అన్నారు.

మా బావ నా కుర్చీలో చేతిరుమాలు పరుచుకోకుండా ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చునే ముందు కుర్చీని వెనక్కి తిప్పి చూసి, వీపు మీద నా టెంట్‌హౌస్ పేరుంటే ఆ వైపు గోడకి ఆనేలా జరుపుకునేవాడు. అందుకని ఆ రోజు కుర్చీలన్నీ నా పేరు అందరికీ కనబడేలా నేనే వేశాను. పోయిన మనిషి మీద ఇదేం కక్ష అని మీరనుకోవచ్చు. అనుకోండి. సంఘం పత్రికకి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ఎనిమిదో క్లాసులో బడి మానేసినవాణ్ణి, నా దగ్గర మంచి మాటల స్టాకు తక్కువ. ఉన్నదే రాస్తాను.

బావ ఇక్కడి స్టీలు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్. మా అక్కని పెళ్లి చేసుకుని విజయనగరం నుంచి ఈ హిందీ ఊరికి తెచ్చుకున్నప్పుడు, తల్లి లేని నన్ను కూడా సామానుతో పాటు రైలెక్కించాడు. అన్నం పెట్టాడు, చొక్కాలు కుట్టించాడు, అది కాదనను. కానీ బడి మానితే ఇంట్లో ఉండొద్దన్నాడు. మానేశాను. పొమ్మన్నాడు. పోయాను. ఆ రోజు ఇద్దరం మాట మీద నిలబడ్డాం, ఏడ్చింది అక్కే.

ఆయన నోట ఎక్కువగా వచ్చే మాట "కుదరదు". పక్కింటివాళ్ళు నిచ్చెన అడిగినా కుదరదు, సినిమాకెళ్దామని అక్క అడిగినా కుదరదు. కారణం అడిగితే "రూలంటే రూలే" అనేవాడు. ఏ రూలో ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఒక క్రిస్మస్ కార్యక్రమంలో మైకు నాది, మధ్యలో పాటలవాళ్ళు ఆలస్యం చేశారు. ఖాళీ ఎందుకని నేను స్టేజి ఎక్కి మా బావని అచ్చు దించేశాను. ఆ నడక, గొంతు సవరించుకోవడం, కుదరదు అనేముందు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం. హాలంతా పడి పడి నవ్వింది. ఇప్పటికీ అది తప్పని నేననుకోను. చాలా బాగా చేశాను.

ఆ మర్నాడు నాకు కబురొచ్చింది. ఇకమీద మా అక్క నా గుమ్మం తొక్కదట. సంఘపెద్ద సర్దిచెప్పబోతే బావ అన్నాడట: "అందరూ నవ్వారు, పర్వాలేదండి. మా ఆవిడ కూడా నవ్వింది."

అక్కడి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అయినా ప్రతి ఆదివారం ఒకే ఇంట్లో తినేవాళ్ళం. ఆరాధన అయ్యాక సంఘపెద్ద క్వార్టర్‌లో భోజనాలు, వంటలో అక్కది ఒక చెయ్యి, నావి కుర్చీలు. ఎవరూ ఎవర్నీ రావద్దనే వీలు లేదు. తిన్నాక పేకాట అంటే బావకి పాపం, కనుక ఎవరూ ఆడటానికి లేదు. అందరం గోడలు చూస్తూ కూర్చునేవాళ్ళం.

అవి ఇక్కడ మాకు కొత్త రాష్ట్రం వచ్చిన రోజులు. సుపేలా టీ కొట్ల దగ్గర ప్రతివాడూ మంత్రుల్ని పెడుతున్నాడు, తీస్తున్నాడు. ఒక వానాకాలం ఆదివారం కరెంటు పోయింది. సంఘపెద్ద విసుగెత్తి, అందరికీ రాష్ట్రాలిస్తున్నారు కదా, మనమూ ఒకటి పెట్టుకుందాం అన్నారు. చీటీలు చింపి స్టీలు గ్లాసులో వేశారు: రాజు, మంత్రి, వంటవాడు, దొంగ, ద్వారపాలకుడు. ఎవరికి ఏది వస్తే వాళ్ళు అదే. పిల్లల లూడో పాచిక ఒకటి తెచ్చారు. కథ ఆయన మొదలుపెడతారు, మధ్యలో ఆపి నువ్వేం చేస్తావని అడుగుతారు. చెప్పి పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే చెప్పినట్టే జరుగుతుంది, చిన్నది పడితే నీ ఖర్మ. కథకి ముందస్తు ఏర్పాటేమీ లేదు. పొద్దున బజార్లో మేక కనబడితే ఆ వారం మేకే సేనాధిపతి. ఆ ఆట పేరు ఉత్తుత్తి రాజ్యం.

ఒకే ఒక్క నియమం. ఆటలో ఎవరేమన్నా కాదనకూడదు. 'కాదు', 'కుదరదు' అన్నవాడు కుర్చీ గోడవైపు తిప్పుకుని ఆట అయ్యేదాకా అలాగే కూర్చోవాలి. ఆ నియమం పెట్టించింది నేనే. ఎవరి కోసమో మీకు చెప్పక్కర్లేదు.

బావకి ద్వారపాలకుడి చీటీ వచ్చింది. లేచి వెళ్ళిపోతాడనుకున్నాం. ఆయన చీటీ నలగకుండా మడిచి జేబులో పెట్టుకుని, వీపు నిటారుగా చేసుకున్నాడు. సంఘపెద్ద కథ ఎత్తుకున్నారు. కోట దగ్గరికి ఏడు తలల రాక్షసుడు నిప్పులు కక్కుతూ వచ్చాడు, ద్వారపాలకా, ఏం చేస్తావు?

బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను గోడవైపు కుర్చీ జరపడానికి లేచాను కూడా.

"గేట్ పాస్ ఉందా?" అన్నాడు.

సంఘపెద్దకి నవ్వాగలేదు. లేదంటున్నాడయ్యా రాక్షసుడు, అన్నారు.

"అయితే ఓ పక్కన నిలబడమనండి. టెంపరరీ పాస్ రాస్తాను. ఏడు తలలకీ ఏడు ఫొటోలు కావాలి. నిప్పులు గేటు దగ్గర డిపాజిట్ చేసి, వెళ్ళేటప్పుడు తీసుకోమనండి."

రాజు చీటీ మా సంఘంలో కుర్ర ఎలక్ట్రీషియనుకి వచ్చింది. ఇక్కడే పుట్టాడు, తెలుగు కంటే హిందీయే సాఫీగా వస్తుంది. "అరే ద్వారపాల్ జీ, వాడు లోపలికొస్తే మనల్ని ఖా జాయేగా, తినేస్తాడు" అన్నాడు కంగారుగా.

"ఏ పని మీద వచ్చారని పాసులో ఒక గడి ఉంటుంది సార్. అందులో తినడానికని రాసుకోమనండి, మనకేటి పోయింది" అన్నాడు బావ. పాచిక వేశాడు. ఆరు పడింది. రాక్షసుడు ఫొటోలు దిగడానికి వెళ్ళి మళ్ళీ రాలేదు.

ఆ రోజు నేను నవ్వకూడదని పళ్ళు బిగపట్టుకున్నాను. నా ఎత్తు నా మీదే బోర్లాపడింది. కుదరదనే మాట లేకుండా ఎవరినైనా గుమ్మంలో నిలబెట్టగల మనిషి ఆయన. మేమంతా ఆట ఆడేవాళ్ళం, ఆయన డ్యూటీ చేసేవాడు. అందుకే ఆయనంత బాగా మాకెవరికీ రాలేదు. తర్వాతి వారాల్లో మళ్ళీ చీటీ తియ్యమంటే ఒప్పుకోలేదు, షిఫ్టు మారితే మారొచ్చుగానీ పోస్టు మారదన్నాడు. "మనిషి ఉత్తుత్తివాడైనా పాసు అసలుది కావాలి" అనేవాడు. ఆ మాట సంఘంలో ఇప్పటికీ వాడతారు, ఎవరిదో మర్చిపోయి.

నాకు దొంగ చీటీ వచ్చింది, నేనూ మార్చుకోలేదు. ఆ గేటు దాటకుండా దొంగ కోటలోకి పోలేడు కదా. వారమంతా నా మొహం చూడని మనిషి, ఆదివారం మధ్యాహ్నం కాసేపు నన్ను ఆపి నిలదీసేవాడు. ఒరే దొంగా, ఆ మూటలో ఏటుంది, విప్పు. బట్టలన్నాను ఒకసారి. తడిబట్టలా పొడిబట్టలా అన్నాడు. తడివన్నాను. అయితే కోట ముందు ఆరేసి, ఆరాక రా అన్నాడు. ఆట అవగానే ఆ గొంతు ఆగిపోయేది. టీ కావాలేమో ఆయన్ని అడగండని సంఘపెద్దతో చెప్పేవాడు. ఆయనంటే నేను. ఎదురుగానే కూర్చుని ఉండేవాణ్ణి.

ఇలా ఉండగా ఉతై రోడ్డులో నేను రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. ప్రార్థన పెట్టి గృహప్రవేశం చేసుకోవాలి. రిబ్బను మా అక్కే కట్ చెయ్యాలి, ముందు అడుగు ఆమే పెట్టాలి. నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషి, ఆమె రాకపోతే అది నాకు ఇల్లు కాదు. ఎవరెవరిచేతో చెప్పించాను, బావ ఎవరికీ దొరకలేదు. దొరికేది ఒక్కచోటే.

ఆ ఆదివారం నా వంతు వచ్చింది. దొంగ గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏటిరా, ఏం మూట?" అన్నాడు బావ.

"మూట లేదు. ఇవాళ లోపలికి రాను. ఒకర్ని బయటికి పంపాలి" అన్నాను.

"ఎవర్ని?"

"రాణిగారిని. ఒక్క పూట. కొత్త ఇంట్లో అడుగు పెట్టి వచ్చేస్తారు."

వంటింటి గుమ్మంలో అక్క గరిట పట్టుకుని నిలబడింది. కుర్ర రాజు తల దించుకున్నాడు. సంఘపెద్ద పాచికని బావ వైపు మెల్లగా తోశారు. కుదరదనడానికి లేదు. పాస్ అంటాడు, ఫొటో అంటాడు, ఏదో ఒకటి అంటాడు, నేను అన్నింటికీ జవాబు తయారుగా పెట్టుకున్నాను.

బావ పాచిక తియ్యలేదు. కళ్ళజోడూ తియ్యలేదు. నా వైపు చూసి, ద్వారపాలకుడి గొంతుతో కాకుండా తన గొంతుతోనే "కుదరదు" అన్నాడు.

తర్వాత లేచి, తన కుర్చీ తనే గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆట ఆగిపోయింది, టీలు వచ్చాయి, ఇద్దరు ముగ్గురు ఇక చాలండి, ఇటు తిరగండని బతిమాలారు. ఆయన తిరగలేదు. మేం కుర్చీలన్నీ ఎత్తేసేదాకా సున్నం చూస్తూ అలాగే కూర్చున్నాడు. మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు. ఆయన లేకపోతే రాక్షసులు సరాసరి లోపలికి వచ్చేసేవారు. అందులో మజా ఏముంది? రెండు వారాల్లో ఆట మూతపడింది.

అక్క నా ఇంటికి రాలేదు. రిబ్బను సంఘపెద్ద భార్య కట్ చేశారు. అది మొదలు నేను బావని తిట్టని చోటు లేదు. సుపేలాలో తిట్టాను, చర్చి మెట్ల మీద ఆయన వింటుండగా తిట్టాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవాడు.

బావ పోయాక జరిగిన జ్ఞాపకార్థ కూడిక అయిపోయిన సాయంత్రం షామియానా విప్పి, సామాను ట్రాలీ రిక్షాకి ఎక్కిస్తున్నాను. అక్క టీ తెచ్చింది. ఇప్పుడిక ఆపేవాడు లేడు కదా, ఒక్కసారి మా ఇంటికి రా అన్నాను. గొంతులో కొంచెం గెలిచినవాడి ధోరణి ఉందేమో.

"ఆయన ఆపేరని నీకెవరు సెప్పేర్రా?" అంది అక్క.

మరెవరు ఆపారన్నాను.

"ఆట ఆగిపోయిన ఆ సాయంత్రమే ఎళ్ళమన్నారు. ఆడు నీ తమ్ముడు, నువ్వెళ్ళు అన్నారు. నేనే వెళ్ళలేదు. అంతమందిలో గోడకేసి కూర్చున్న మనిషిని ఒదిలీసి, నీ ఇంటికి రిబ్బను కొయ్యడానికి వస్తానేటి?"

మరి నేను అన్నేళ్ళు తిడుతుంటే ఆయన చెప్పొచ్చు కదా అన్నాను.

"సెప్తే నామీద కోపం పెట్టుకుంటావని. 'ఆడు నన్నే తిట్టుకోనీ, నీ జోలికి రాడు' అనీవోరు."

నాకు చెప్పలేనంత ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ నా తిట్లన్నీ ఊరికే దాచుకున్నాడు ఆ మనిషి. తిరిగి ఇచ్చెయ్యమందామన్నా ఆ మనిషే లేడు. అక్క ఇంట్లోకి వెళ్ళింది. ఇక రాదనుకుని తాళ్ళు బిగిస్తున్నాను. చీర మార్చుకుని, తలుపుకి తాళం వేసుకుని వచ్చింది.

"పద. నీ కోసం కాదు. ఆయన ఎళ్ళమన్నారు కాబట్టి."

ఆటో పిలుస్తానంటే వద్దంది. ట్రాలీ మీద మడిచిన తివాచీలపై ఎక్కి కూర్చుంది. నేను ముందు కూర్చుని ఉతై రోడ్డు వైపు తొక్కాను. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. అక్క నా వైపు చూడటం లేదు. కాళ్ళు కిందికి వేలాడేసుకుని, వెనక్కి పోతున్న తమ క్వార్టర్ వైపే తిరిగి కూర్చుంది. ఒక చేత్తో కుర్చీల తాడు పట్టుకుంది. రెండో చెయ్యి కొంచెం పైకెత్తి ఉంది, వాకిట్లో ఎవరో నిలబడి సాగనంపుతున్నట్టు.