పెరేడ్ గ్రౌండ్ పక్కన నాలుగు బారలు

1998 జూన్‌లో నన్ను విశాఖపట్నంలో రేవుకు దగ్గరగా ఉన్న ఒక సైనిక శిక్షణ శిబిరంలో ఫిజియోథెరపిస్టుగా తీసుకున్నారు. వారానికి మూడు రోజులు పని: సోమ, బుధ, శుక్రవారాలు. నేను సివిలియన్‌ని, కాంట్రాక్టు మనిషిని. మా నాన్న పోర్టులో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చినవారే కాబట్టి ఊరు నాకు కొత్త కాదు. సైన్యం మాత్రం పూర్తిగా కొత్త.

శిబిరంలో వైద్యం జరిగే చోటుని ఎం.ఐ. రూమ్ అంటారు. నాలుగు మంచాలు, ఒక మందుల బీరువా, డాక్టరుగా ఒక కెప్టెన్, ఆయన కింద రమణ అనే నర్సింగ్ అసిస్టెంటు. పొద్దున్నే ఒంట్లో బాగాలేని జవాన్లు 'సిక్ రిపోర్ట్'కి వరసలో నిలబడేవారు. ఆ వరసలో జ్వరాలు కనిపించేవి గాని మోకాళ్ల నొప్పులు కనిపించేవి కావు. నొప్పి అని నోరు విప్పితే వైద్య కేటగిరీ, అంటే ఒంటి సామర్థ్యానికి డాక్టర్లు ఇచ్చే గ్రేడు, తగ్గిస్తారు. కేటగిరీ తగ్గితే ప్రమోషన్ ఆగుతుంది. అందుకని పళ్లు బిగించి తిరిగేవారు. ఇరవై ఏళ్లు మడమలు నేలకేసి కొడుతూ డ్రిల్లు చేసిన నడుములు ఎలా అరిగిపోతాయో నేను అక్కడే చూశాను.

హవల్దార్ అప్పన్న గారు డ్రిల్ ఉస్తాద్, అంటే కొత్తగా చేరిన కుర్రాళ్లకు కవాతు నేర్పే గురువు. తగరపువలస దగ్గర రైతు కుటుంబం. నలభై దాటాయి. నడుము పట్టేసి ఒక రోజు గ్రౌండ్‌లోనే నిలబడిపోతే కేటగిరీని తాత్కాలికంగా తగ్గించి నా దగ్గరికి పంపారు. బూటు లేసు కట్టుకోవడానికి కాలు బెంచీ మీద పెట్టుకునేవారు. నేల మీద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేరు. పన్నెండు వారాల్లో మెడికల్ బోర్డు. ముగ్గురు డాక్టర్ల ముందు గొంతుక్కూర్చుని లేవాలి, చేతి సాయం లేకుండా నేల మీంచి లేవాలి, బరువు ఎత్తాలి. బోర్డు పూర్తి ఫిట్ అంటే హవల్దారుకు పై మెట్టయిన నాయబ్ సుబేదార్ హోదాకి ఆ ఏడాది జాబితాలో ఆయన పేరుంటుంది. లేదంటే హవల్దారుగానే ఉండిపోయి, సర్వీసు కాలం నిండగానే మరుసటి ఏడాది ఇంటికి పోవాలి.

మూడు వారాలు బాగా సాగింది. వెల్లకిలా పడుకుని పొట్టతో ఊపిరి పీల్చడం, తల మెల్లగా అటూ ఇటూ తిప్పడం, తర్వాత చేతులూ మోకాళ్ల మీద ఉండి ముందుకీ వెనక్కీ ఊగడం. ఆ తర్వాతి మెట్టు పాకడం. పసిపిల్లలు పాకినట్టే, కుడి చెయ్యితో ఎడమ మోకాలు, ఎడమ చెయ్యితో కుడి మోకాలు. నడుము మీద భారం పడకుండా తుంటి, భుజం కలిసి పనిచేయడం మళ్లీ నేర్చుకుంటాయి. చూడ్డానికి ఏమీ లేని వ్యాయామం, గాని అరిగిన ఒంటికి దాన్ని మించింది నాకు తెలియదు.

ఎం.ఐ. రూమ్‌లో పాకడానికి చోటు చాలదు. ఒక సోమవారం సాయంత్రం ఆయన్ని పెరేడ్ గ్రౌండ్ అంచున ఉన్న గడ్డి మీదికి తీసుకెళ్లాను. అవతల కుర్రాళ్లు వాలీబాల్ ఆడుతున్నారు.

"ఇక్కడ వొద్దమ్మా," అన్నారు అప్పన్న గారు.

బద్ధకం అనుకున్నాను. నా నోరు కొంచెం దురుసు. పది అడుగులకే ఇంత బెట్టు ఎందుకండీ, బోర్డు ముందు కూడా ఇలాగే అంటారా అని దులిపేశాను. ఆయన నా వంక ఒక్క క్షణం చూసి కిందికి వంగారు. నాలుగు బారలు పాకారు. వాలీబాల్ ఆగిపోయింది. ఎవడో కుర్రాడు గట్టిగా "ఏక్, దో" అని లెక్కపెట్టాడు. మిగతావాళ్లు నవ్వారు. అప్పన్న గారు లేచి మోకాళ్లు దులుపుకుని, నాకు సెల్యూట్ కొట్టి వెళ్లిపోయారు. ఆయన మొహం ఎందుకలా మారిందో నాకు అర్థం కాలేదు.

బుధవారం రాలేదు. శుక్రవారం రాలేదు. రెండు రోజులూ రిజిస్టర్‌లో 'రాలేదు' అని రాశాను. మూడోసారి రాకపోతే కంపెనీ కమాండరుకు రిపోర్టు వెళ్తుంది, వైద్యం ఎగ్గొట్టడం క్రమశిక్షణ కింద నేరం. సోమవారం కూడా రాలేదు. పెన్ను తీస్తుంటే రమణ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మేడమ్, మీకెవలూ సెప్పనేదేటి? ఇక్కడ పాకించడమంటే పనిష్మెంటు. ఆ రోజు పొద్దున్నే ఆ గడ్డి మీదే అప్పన్న ఉస్తాద్ ఆ కుర్రోళ్లందర్నీ పాకించీసేరు. లెక్క కూడా ఆళ్ల సేతే పెట్టించేరు."

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రిజిస్టర్‌లో 'నా సలహా మేరకు ఇంటి వద్ద వ్యాయామం' అని రాసి సంతకం పెట్టాను. అది అబద్ధం. బయటపడితే నా కాంట్రాక్టు పోతుంది, ఆయన మీద కేసూ పడుతుంది. గ్రౌండ్‌లో నలుగురి ముందూ ఆయన్ని పిలిచి మాట్లాడితే పుండు మీద కారం చల్లినట్టవుతుంది. అందుకని ఆదివారం బస్సెక్కి పెందుర్తిలో వాళ్లు అద్దెకుంటున్న ఇంటికి వెళ్లాను.

ఆయన భార్య లక్ష్మమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"ఏటమ్మా, మా ఆయన్ని కుర్రోళ్ల ముందర పాకించీసేరట గదా? ఇంకేటి మిగిలుందని వచ్చేరు?" అంది. లోపల ఆయన ఉన్నారు. బయటికి రాలేదు. నేను వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాను.

ఆ బుధ, శుక్రవారాల్లోనూ రాసిన అదే అబద్ధాన్ని తర్వాతి వారం మరో మూడుసార్లు రాశాను. కెప్టెన్ గారు రిజిస్టరు తిరగేసినప్పుడల్లా మంచాల మీది దుప్పట్లు సర్దుతున్నట్టు అటు తిరిగేదాన్ని. మళ్లీ ఆదివారం వెళ్లాను. ఈసారి లక్ష్మమ్మ పక్కకి తప్పుకుంది. నేను కూర్చోకుండానే, తెలియక చేశాను, తప్పు నాది, క్షమించండి అని చెప్పాను.

"నాను పాకనేక కాదమ్మా," అన్నారు అప్పన్న గారు. "ఇప్పుడు నాను సావధాన్ అంటే ఆళ్ల పెదాల మీద నవ్వు కనపడతంది. అది సూసి ఎలా నిలబడేది?"

బోర్డుకి ఇంకా ఆరు వారాలు ఉన్నాయని మాత్రం చెప్పాను. ఆయన లేచి మంచాన్ని గోడవైపు జరపబోతే నడుము పట్టేసింది. లక్ష్మమ్మా నేనూ కలిసి జరిపాం. ఆమె తలుపు వేసింది. ఆ సిమెంటు గచ్చు మీద ఆయన పాకడం మొదలుపెట్టారు. అప్పటికి ఇరవై రోజులు పోయాయి.

ఆ తర్వాత రోజూ ఇంట్లో పాకారు, నా పని రోజుల్లో ఎం.ఐ. రూమ్ వెనక స్టోరులో తలుపేసుకుని పాకారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, గాని ఒళ్లు మాట విన్నది. అయిదో వారానికి బూటు లేసు వంగి కట్టుకున్నారు.

బోర్డు రోజు నన్ను లోపలికి రానివ్వరు. వరండాలో నిలబడ్డాను. నలభై నిమిషాలు. తలుపు తీసుకుని వచ్చినప్పుడు ఆయన మొహంలో ఏమీ తెలియలేదు. గొంతుక్కూర్చున్నారట, నేల మీంచి చెయ్యి పెట్టకుండా లేచారట. మూడోసారి బరువు ఎత్తేటప్పుడు నడుము వణికిందట. బోర్డు ఇంకో ఆరు నెలలు ఆ తగ్గించిన తాత్కాలిక కేటగిరీలోనే ఉంచింది. ఆ ఏడాది జాబితాలో ఆయన పేరు లేదు. మరుసటి ఏడాది హవల్దారుగానే రిటైరయ్యారు.

బోర్డు పెద్దగా కూర్చున్న డాక్టరుని నేను బతిమాలి అడిగాను. ఇంకో రెండు మూడు వారాలు వ్యాయామం పడి ఉంటే పాస్ చేసేవాణ్ణి అన్నారాయన. ఆయనకి ఆ ఇరవై రోజుల సంగతి తెలియదు. అప్పన్న గారికి తెలుసు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతిచోటా, ఏ భంగిమ నేర్పే ముందయినా, మీ దగ్గర ఇది ఎవరు ఎప్పుడు చేస్తారు అని అడిగేదాన్ని. జవాన్లను, పోలీసులను, స్టీల్ ప్లాంటు కార్మికులను కూడా అడిగాను. ఆ వ్యాయామం సరైనదే. చోటు ఎంచింది నేను, వద్దన్న మనిషిని దులిపింది నేను. అప్పన్న గారి ప్రమోషన్ పోవడానికి ఇంకో కారణం చెప్పుకోవడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.